జబ్బమీద గుడ్డపట్టీ

ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమేదైనా పంపమని సంపాదకవర్గం వారు కోరారు. కాకతీయుల మీద, విజయనగరం మీద నాకంటే బాగా రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. అందుచేత పదవీ విరమణ తర్వాత పన్నెండేళ్ళుగా నేను చేస్తున్న పనిలోంచే ఒక విషయం తీసి రాస్తున్నాను. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీ ఆక్రమించిన ఫ్రాన్సులో తిరగబడిన ప్రతిఘటన యోధులను అంగుళం ఎత్తు బొమ్మలుగా మలచి, పీఠాలమీద నిలబెట్టి, బల్లమీద యుద్ధక్రీడకు సిద్ధం చేయడం ఆ పని. "ఈ వయసులో బొమ్మలాటేమిటండీ" అని ఇంటికి వచ్చిన మిత్రులు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఒక బొమ్మ జబ్బమీద రెండు మిల్లీమీటర్ల వెడల్పు తెల్లపట్టీ వేయాలా వద్దా అన్న ప్రశ్న దగ్గర నేను నెలరోజులు ఆగిపోయాను. ఆ నెలరోజుల్లో చదివినదే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం.

ముందు ఈ ఆట సంగతి రెండు మాటల్లో. యుద్ధక్రీడ పిల్లల కాలక్షేపంగా పుట్టలేదు. ప్రష్యా సైన్యంలో రైస్విట్స్ అనే యువ అధికారి 1824లో, పటం మీద చిన్న దిమ్మెలు జరుపుతూ పాచికలతో ఫలితం తేల్చే పద్ధతిని అధికారుల శిక్షణకోసం సిద్ధం చేశాడు. 1893లో ఇంగ్లండులో విలియం బ్రిటన్ కంపెనీవారు లోపల డొల్లగా ఉండే సీసపు సిపాయిలను పోతపోయడం మొదలుపెట్టాక బొమ్మ చవకైంది. 1913లో రచయిత హెచ్.జి. వెల్స్ ఈ బొమ్మలతో ఆడే పద్ధతిని 'లిటిల్ వార్స్' అనే చిన్న పుస్తకంగా రాశాడు. ఆయన శాంతికాముకుడు, అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో ఈ ఆట ఆడితే తెలుస్తుందని ఆయన అభిప్రాయం. మరుసటి ఏడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఇక 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 'వార్ గేమ్స్' రాశాక, ఎయిర్‌ఫిక్స్ వారి చవక ప్లాస్టిక్ సిపాయిలు ఇంటింటా దొరకడంతో ఇది పెద్దవాళ్ళ వ్యాసంగంగా స్థిరపడింది.

ఆటలో వాడే బొమ్మల్లో రెండు కొలతలు ఎక్కువ. ఒకటి మనిషిని 72వ వంతుకు తగ్గించినది. అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషి అందులో 24 మిల్లీమీటర్లు ఉంటాడు. రెండోది 28 మిల్లీమీటర్ల బొమ్మ. నెపోలియన్ సిపాయి కావాలన్నా, జర్మన్ సిపాయి కావాలన్నా పెట్టెల కొద్దీ దొరుకుతాయి. ఎందుకంటే వాళ్ళకు యూనిఫారం ఉంది; ఒక్క అచ్చు పోస్తే వెయ్యిమందికి సరిపోతుంది. ప్రతిఘటన యోధుడికి యూనిఫారం లేదు. ఒకడు రైతు, ఒకడు బడిపంతులు, ఒకడు రైలు ఫైర్‌మన్. ఇటీవల కొన్ని కంపెనీలు వీళ్ళ బొమ్మలు కూడా పోస్తున్నాయి గాని, పదిమందిని కొంటే పదిమందీ ఒకే టోపీ, ఒకే తుపాకీ. చూడగానే అబద్ధమని తెలిసిపోతుంది. అందుకే ఉన్న బొమ్మలను కోసి, అతికి, మార్చుకోవాలి.

ఇక్కడ పట్టీ సంగతి వస్తుంది. 1907 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం, మామూలు సైన్యానికి చెందనివాళ్ళను కూడా యుద్ధంలో సైనికులుగా గుర్తించాలంటే నాలుగు షరతులు: బాధ్యత వహించే నాయకుడు ఉండాలి, దూరంనుంచి పోల్చుకోగల స్థిరమైన చిహ్నం ఉండాలి, ఆయుధం బాహాటంగా పట్టుకోవాలి, యుద్ధ నియమాలు పాటించాలి. 1940 జూన్ 22న ఫ్రాన్సు సంతకం పెట్టిన యుద్ధ విరమణ ఒప్పందంలో పదో అధికరణం ఇంకో మెలిక పెట్టింది. ఆ తర్వాత కూడా జర్మనీతో పోరాడే ఫ్రెంచివాళ్ళకు సైనికుల రక్షణ ఉండదని దాని సారాంశం. దొరికితే ఖైదీ కాడు, బందిపోటు. బందిపోటును కాల్చివేయవచ్చు. మనిషికీ మరణానికీ మధ్య ఒక కాగితం, ఒక గుడ్డముక్క ఉన్నాయన్నమాట. జీవితమంతా సర్క్యులర్ల మధ్య గడిపిన మనకు ఒక అధికరణంలోని ఒక్క మాట ఏంచేయగలదో వేరే చెప్పనక్కర లేదు.

అసలు వీళ్ళు అడవుల్లోకి ఎందుకు వెళ్ళారు? దేశభక్తి ఒక్కటే కారణమని చెప్పడం సులువు. కాని 1943 ఫిబ్రవరి 16న విషీ ప్రభుత్వం నిర్బంధ కార్మిక సేవా చట్టం తెచ్చింది. ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు జర్మనీ ఫ్యాక్టరీలకు పోయి పనిచేయాలి. పోవడం ఇష్టంలేని వేలమంది కొండలెక్కారు. కోర్సికా ద్వీపంలో గుబురుపొదల అడవికి ఉన్న పేరు మీద వీళ్ళకు 'మాకీ' అన్న పేరు వచ్చింది. మొదట్లో వీళ్ళదగ్గర తుపాకులు లేవు, దుప్పట్లు లేవు, సరైన బూట్లు కూడా లేవు. కాబట్టి 1943 నాటి దళాన్ని చేసేటప్పుడు పదిమంది బొమ్మల్లో ముగ్గురికో నలుగురికో మించి తుపాకీ ఇవ్వకూడదని నా నియమం. మిగతావాళ్ళకు కర్ర, మూట, వంటగిన్నె. ఆటలో వాళ్ళు ఎందుకూ పనికిరారని కుర్రకారు సణుగుతుంది. నిజంగానే అప్పట్లో నాయకులకు ఉన్న పెద్ద బాధ అదే.

ఒయొన్నా ఊరి కథ ఈ సందర్భంలో చెప్పాలి. తూర్పు ఫ్రాన్సులో ఏన్ జిల్లా మాకీ దళాలకు నాయకుడు ఆన్రీ రోమాన్స్ పెతి. తమ కుర్రాళ్ళను పత్రికలూ రేడియో దొంగలని ప్రచారం చేస్తుంటే ఆయనకు గుడ్డల విలువ తెలిసొచ్చింది. 1943 సెప్టెంబరులో ఆర్తెమార్ అనే చోట విషీ ప్రభుత్వ యువజన శిబిరాల గోదాముమీద పడి బట్టలు, బూట్లు ఎత్తుకుపోయారు. నవంబరు 11, అంటే మొదటి ప్రపంచయుద్ధ విజయదినం. ఆ రోజు ఊరేగింపులు నిషేధం. సరిగ్గా ఆ రోజున సుమారు 200 మంది ఒకే తీరు దుస్తుల్లో, వరుసలు కట్టి, పట్టపగలు ఒయొన్నా వీధుల్లో కవాతు చేశారు. యుద్ధ స్మారకం దగ్గర లోరేన్ శిలువ ఆకారంలో పూలగుచ్ఛం పెట్టారు. రేపటి విజేతలు నాటి విజేతలకు సమర్పిస్తున్నారని దానిమీద రాసి ఉంది. తర్వాత లారీలెక్కి మాయమయ్యారు. అంత ప్రమాదానికి ఒడిగట్టింది ఒక వంతెన పేల్చడానికి కాదు, తాము బందిపోట్లం కాము సైనికులమని ఊరివాళ్ళకు బట్టల ద్వారా చూపించడానికి!

జర్మన్ల ప్రచారం దీనికి ఎదురుగా నడిచింది. అర్మేనియన్ కాందిశీకుడైన మిసాక్ మనూషియాన్ దళంలోని 22 మందిని 1944 ఫిబ్రవరి 21న కాల్చిచంపారు. పదిమంది ముఖాలతో ఎర్రని పోస్టరు అచ్చువేసి, వీళ్ళు విముక్తి సైన్యం కాదు, నేరస్తుల సైన్యమని గోడలకు అంటించారు. సరిగ్గా ఎనభయ్యేళ్ళకు, 2024 ఫిబ్రవరి 21న, మనూషియాన్ అస్థికలను పారిస్‌లోని పాంథియాన్‌లో, దేశం తన మహనీయులకు కేటాయించిన చోట ఉంచారు.

ఇక చేతిపని. నేను వాడే సరుకు మన వీధి దుకాణంలో దొరికేదే. బ్లేడు, సన్నని ఆకురాయి, చిన్న రంపం, పట్టకారు, గుండుసూదులు, ఫెవిక్విక్, ఫెవికాల్, ఎం-సీల్. విదేశాల్లో ఈ పనికి నీలం, పసుపు కలిపితే ఆకుపచ్చగా మారే పుట్టీ వాడతారు. మనకు నీళ్ళ గొట్టం కారితే పూసే ఎం-సీల్ చాలు. రెండు ముద్దలు సమంగా పిసికి, వేళ్ళూ పనిముట్టూ తడిచేసుకుంటూ పనిచేయాలి. లేకపోతే బొమ్మకంటుకోదు గాని మనకంటుకుంటుంది. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో చేసిన బొమ్మకు చేతులు అతకడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు కదా, సూత్రం అదే.

మొట్టమొదట తల మార్చాలి. బ్రిటిష్ పారాచూట్ సిపాయి బొమ్మ మంచి ముడిసరుకు, ఎందుకంటే అతని చేతిలో స్టెన్ తుపాకీ ఉంటుంది. మెడ దగ్గర కోసి, పౌరుల బొమ్మనుంచి తీసిన టోపీ తలను పెట్టాలి. ఊరికే అతికిస్తే ఆట మధ్యలో ఊడుతుంది. మెడలోను తలలోను సన్నని బెజ్జం చేసి, గుండుసూది ముక్క దించి అప్పుడు అతకాలి. తలను ఏమాత్రం పక్కకు తిప్పినా బొమ్మకు ప్రాణం వస్తుంది; నేరుగా పెడితే కవాతు సిపాయే. బెరే టోపీకి బఠాణీగింజలో నాలుగోవంతు ఎం-సీల్ సరిపోతుంది. సైనికుడి నడుము పట్టీ, సంచులు ఆకురాయితో అరగదీసి, పుట్టీని పల్చగా పరిచి కోటు అంచులు కిందికి దింపాలి. పాత సీసపు బొమ్మలైతే ఆ పొడి ప్రమాదం; కాగితం పరుచుకుని, పని కాగానే పొడిని పొట్లం కట్టి పారేసి, చేతులు సబ్బుతో కడగాలి. మనవలను ఆ దరికి రానివ్వవద్దు.

స్టెన్ గురించి ఒక మాట. దాని గుళ్ళపెట్టె కిందికి వేలాడదు, ఎడమపక్కకు అడ్డంగా పొడుచుకుని ఉంటుంది. ఈ ఒక్క విషయం తప్పితే తెలిసినవాళ్ళు బొమ్మను పక్కన పెట్టేస్తారు. అది చవకగా, గొట్టాలతో అల్లినట్టు చేసిన తుపాకీ. ముక్కలుగా విప్పి బుట్టలో కూరగాయల కింద దాచవచ్చు; శత్రువు దగ్గర దొరికిన 9 మిల్లీమీటర్ల గుళ్ళు కూడా దానికి పనికివస్తాయి. ఇంగ్లండునుంచి విమానాలు రాత్రిపూట జారవిడిచే పొడుగాటి డబ్బాల్లో ఇవే ఎక్కువ.

మనలో రైల్వేలో పనిచేసినవారికి ఈ సంగతి నచ్చుతుంది. బొమ్మ రైళ్ళ ప్లాట్‌ఫారాలమీద పెట్టడానికి పోర్టర్లు, గార్డుల బొమ్మలు అమ్ముతారు. వాటిలో 76వ వంతు కొలతవి తెచ్చుకుంటే 72వ వంతు దళంలో తేడా కనబడదు. 87వ వంతువి మాత్రం పిల్లల్లా కనిపిస్తాయి. ఫ్రెంచి రైల్వే కార్మికులు ఈ ఉద్యమంలో చేసిన పని తక్కువది కాదు. 1944 జూన్‌లో మిత్రరాజ్యాల సేనలు నార్మండీలో దిగే సమయానికి పట్టాలు తొలగించి, ఇంజన్లు చెడగొట్టి జర్మన్ దళాల ప్రయాణాలను రోజుల తరబడి ఆలస్యం చేశారు. కాబట్టి పోర్టరు చేతిలోని సూట్‌కేసు తీసి స్పానరు పెట్టండి చాలు, తుపాకీ అక్కరలేదు.

సూట్‌కేసును మాత్రం పారేయవద్దు. దానికి తగిన మనిషి ఉంది. నూర్ ఇనాయత్ ఖాన్ పేరు చాలామంది వినే ఉంటారు. ఆమె తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడాలో పుట్టిన సంగీత విద్వాంసుడు. హైదరాబాదులో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఎదుట వీణ వాయించాడు, సూఫీ గురువువద్ద దీక్ష తీసుకున్నది కూడా హైదరాబాదులోనే. నూర్ మాస్కోలో పుట్టి పారిస్ దగ్గర పెరిగింది. 1943 జూన్‌లో రహస్య వైర్‌లెస్ ఆపరేటరుగా రాత్రి విమానంలో ఫ్రాన్సులో దిగింది. తోటివారు వరసగా పట్టుబడుతున్నా తిరిగి రానని చెప్పి, సూట్‌కేసులో ఇమిడే సుమారు 15 కిలోల యంత్రంతో ఇల్లిల్లూ మారుతూ అక్టోబరు దాకా సందేశాలు పంపింది. 1944 సెప్టెంబరు 13న దకావ్ శిబిరంలో ఆమెను కాల్చిచంపారు. 1949లో బ్రిటన్ ఆమెకు జార్జి క్రాస్ ప్రకటించింది. ఆమె బొమ్మకు నేను ఆయుధమూ ఇవ్వలేదు, పట్టీ కూడా వేయలేదు.

స్త్రీల బొమ్మలు చేసేవాళ్ళందరూ సిమోన్ సెగూఎన్ ఫోటోనే కాపీ కొడతారు. 1944 ఆగస్టులో షార్త్ర్ పట్టణం విముక్తమైనప్పుడు, పొట్టి నిక్కరుతో, జర్మన్ మెషీన్ పిస్టల్‌తో నిలబడిన పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఆమె 2023లో 97 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. ఫోటో నిజమే, తుపాకీ నిజమే. కాని ఆమెకు అప్పగించిన మొదటి పని ఒక జర్మన్ ఉద్యోగిని సైకిలు దొంగిలించడం. తర్వాత ఆ సైకిలుమీదే వార్తలు మోసింది. స్త్రీలలో ఎక్కువమంది చేసిన పని అటువంటిదే. అందుకని నేను రాగితీగ చుట్టి సైకిలు చేశాను. చక్రానికి ఊచలు వేయలేదు. అంత దూరంనుంచి చూస్తే ఊచలు ఎవరికీ కనబడవు.

రంగులు సులువు. ఎర్రలూ పచ్చలూ పెట్టెలోనే ఉంచి, గోధుమ, బూడిద, వెలిసిన నీలం తీయాలి. కార్మికుల నీలం కోటు అన్నిటికంటే అందం. ముఖాలన్నీ ఒకే రంగు వేయకూడదు. వెర్కోర్ పీఠభూమిలో ఆఫ్రికన్ సిపాయిలు యాభైమంది దాకా కలిసి పోరాడారు; గ్లియేర్ పీఠభూమిలో స్పెయిన్‌నుంచి పారిపోయి వచ్చినవారున్నారు. శుక్లాల ఆపరేషన్ అయిన తర్వాత నాకు రంగులు బాగా తెలుస్తున్నాయి గాని, కళ్ళగుడ్లు దిద్దడం మానేశాను. టోపీనీడ అని సరిపెట్టుకుంటాను.

పీఠం దగ్గర కొంత ఆలోచన కావాలి. నెపోలియన్ కాలపు సిపాయిలను ఒకే పలకమీద భుజం భుజం తాకేటట్టు వరుసగా నిలబెడతారు, ఎందుకంటే వాళ్ళు అలాగే నిలబడి పోరాడారు. ప్రతిఘటన యోధుడిని అలా నిలబెడితే చరిత్ర తలకిందులవుతుంది. ఒక్కొక్కడికి ఒక్కో పీఠం. మహా అయితే బ్రెన్ తుపాకీ పేల్చేవాడికీ గుళ్ళు అందించేవాడికీ కలిపి ఒకటి. ఇంగ్లండులో ఇందుకు రాగిరంగు పెన్నీ నాణేలు వాడతారు. 1992 నుంచి అవి ఉక్కుతో చేస్తున్నారు కనుక అయస్కాంతానికి అంటుకుని పెట్టెలో కదలకుండా ఉంటాయి. రూపాయి బిళ్ళకు జిగురు పూయడం నాకు మనసొప్పలేదు. ఇనుప సామాను దుకాణంలో పాతిక మిల్లీమీటర్ల వాషర్లు తూకానికి ఇస్తారు. మధ్య బెజ్జం ఎం-సీల్‌తో పూడ్చి, బొమ్మ పాదం కింది సూదిని అందులో దించాలి. ఫెవికాల్ రాసి సన్నని ఇసుక చల్లాలి. వాడేసిన టీపొడి ఎండలో బాగా ఆరబెడితే అడవి మట్టికి దానిని మించినది లేదు. తడి ఉంటే బూజు పడుతుంది. వెర్కోర్ సున్నపురాతి కొండ కాబట్టి తెల్లటి రాళ్ళకు పాత సీసా బిరడాను తుంచి అతికిస్తాను. రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు కలిపితే గడ్డి.

ఇప్పుడు పట్టీ. 1944 ఫిబ్రవరిలో వేరువేరు దళాలను కలిపి ఫ్రెంచి ఆంతరంగిక సేనలు అని పేరుపెట్టారు. జూన్ తర్వాత వాటి గుర్తుగా లోరేన్ శిలువ, మూడక్షరాలు ఉన్న చేతిపట్టీలు ఎక్కడికక్కడ కుట్టుకున్నారు. చాలామటుకు దుప్పటి చించి కుట్టినవే. వీళ్ళు తన ఆధీనంలోని సైన్యంలో భాగమనీ, వీళ్ళమీద ప్రతీకారానికి పాల్పడితే శిక్ష తప్పదనీ జూలైలో జనరల్ ఐసెన్‌హోవర్ ప్రకటించాడు. హేగ్ ఒప్పందం అడిగిన చిహ్నం ఎట్టకేలకు దొరికింది.

దొరికి ఏంలాభం? వెర్కోర్‌లో జూలై 3న స్వతంత్ర రిపబ్లిక్ ప్రకటించుకున్నారు. అక్కడి నాయకుడు ఫ్రాన్స్వా హ్యూయే పాత రెజిమెంట్ల పేర్లు తిరిగి పెట్టి, కుర్రాళ్ళను పద్ధతైన సైన్యంగా తీర్చిదిద్దాడు. జూలై 14న అమెరికన్ విమానాలు పట్టపగలు వందల డబ్బాలు జారవిడిచాయి. వాటిలో భారీ ఆయుధం ఒక్కటీ లేదు. వాసియూ గ్రామంలో మిత్రరాజ్యాల విమానాలు దిగడానికి నేల చదును చేస్తుండగా, 21వ తేదీ ఉదయం అక్కడే జర్మన్ గ్లైడర్లు దిగాయి. మొదట తమవేనని చాలామంది అనుకున్నారట. మొత్తం మీద 600 మందికి పైగా యోధులు, 200 మంది పౌరులు చనిపోయారు. లూయిర్ గుహలో దాచిన ఆసుపత్రిని కనిపెట్టి గాయపడినవాళ్ళను కూడా చంపారు. పట్టీ ఉన్నవాడిదీ లేనివాడిదీ ఒకటే గతి అయింది.

కొండను పట్టుకుని సైన్యంలా నిలబడి ఉండవలసింది కాదని యుద్ధచరిత్ర తెలిసినవాళ్ళు అంటారు, నా ఉద్దేశమూ అదే. విడివిడిగా దెబ్బకొట్టి మాయం కావడమే వాళ్ళ బలం. అందుకే మా బల్లమీద ఆట నియమం మార్చాను. మాకీ దళం గెలవాలంటే స్థలం నిలుపుకోనక్కరలేదు. చీకటిపడే లోపల మనుషులను బల్ల అంచు దాటించాలి. ఎంతమంది దాటితే అన్ని మార్కులు. చేతిలో ఆయుధంలేని వంటవాడు దాటినా ఒక మార్కే.

చివరకు నేను రెండు దళాలు చేశాను. 1943 చలికాలపు ఏన్ దళానికి పట్టీలు లేవు. 1944 జూలై వెర్కోర్ దళానికి ఉన్నాయి. ముందు తెల్లరంగు, ఎండాక ఒక నిలువు గీత, రెండు అడ్డగీతలు, అక్షరాలకు బదులు మూడు చుక్కలు. లూయిర్ గుహను చేయమని మా మనవడు అడిగాడు. రాళ్ళు, బిరడాలు అన్నీ ఉన్నాయి, పని కష్టమేమీ కాదు. కాని దానిమీద పాచికలు వేసే ఆట ఉండదని చెప్పాను. అతను కొంచెంసేపు ఆలోచించి, సరే తాతయ్యా, సైకిలుకు ఇంకో చక్రం చేద్దామన్నాడు.

సంఘం వార్షికోత్సవం నాడు కార్యాలయం వరండాలో బల్ల వేసి రెండు దళాలూ పెడతాను. సభ్యులు పిల్లలను, మనవలను తీసుకురావచ్చు. ముట్టుకోవచ్చు కూడా. పీఠం పట్టుకుని ఎత్తండి, తల పట్టుకుని కాదు.